ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళ నిద్రను, మతిని కాపాడుకోవడం ఎలా

రెండో రాత్రి 2 గంటలప్పుడు మా అత్తయ్య మంచం మీంచి లేవబోయింది. "పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయే, ఎవరూ దించరేం" అంటూ చేతికున్న సెలైన్ సూది లాగేసుకుంది. తుంటి బంతి మార్చి అప్పటికి రెండు రోజులు కూడా కాలేదు. నన్ను చూసి, ఎప్పుడో పోయిన వాళ్ళక్క పేరు పెట్టి పిలిచింది. గుంటూరులో మా వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద రోజూ పాల ప్యాకెట్ల లెక్క రాసి, నెలాఖరున ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషి ఆవిడ. 74 ఏళ్ళు.

మత్తు ఇంకా దిగలేదేమో అన్నారు మావారు. పక్క మంచం పెద్దావిడ దిష్టి తీయించమంది. తెల్లారాక డాక్టరుగారికి చెబుదాంలే అని ఊరుకున్నాం. మేం చేసిన పెద్ద పొరపాటు అదే. పొద్దున రక్తపరీక్ష చేస్తే సోడియం బాగా పడిపోయి ఉంది, యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉంది. రెండూ వైద్యానికి లొంగేవే. ఆ నాలుగైదు గంటలు ఆవిడ పడ్డ భయం మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

దీన్ని మన పెద్దవాళ్ళు సంధి అనేవారు. సంధి ప్రేలాపనలు అంటే ఇవే. డాక్టర్ల భాషలో డెలీరియం. 65 దాటినవాళ్ళకి పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు, ముఖ్యంగా తుంటి ఎముక విరిగి చేసినప్పుడు, గుండెకి చేసినప్పుడు ఇది తరచుగా కనిపిస్తుంది. ఎక్కువమందికి మొదటి మూడు రోజుల్లోనే మొదలవుతుంది. దీనికీ నిద్రకీ ముడి ఉంది. నిద్ర చెడితే మతి చెదురుతుంది, మతి చెదిరితే ఉన్న నిద్ర కూడా పోతుంది. ఆపరేషన్ చేసేది డాక్టర్లు, రాత్రంతా మంచం పక్కన ఉండేది మనం. అందుకే ఆ నిద్రను కాపాడే పని చాలావరకు ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉంది. నేను డాక్టర్ని కాదు. అత్తయ్య తర్వాత డాక్టర్లని, సిస్టర్లని అడిగి తెలుసుకున్నవి, చదివినవి, రెండేళ్ళకి విజయవాడలో మా నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి ఆచరించి చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు, నిద్ర ఎందుకు చెడుతుందో తెలుసుకోండి

కోత పడగానే ఒంట్లో వాపు పుట్టించే రసాయనాలు పెరుగుతాయి. గాయం మానడానికి అవి కావాలి, కానీ వాటి ప్రభావం మెదడు మీద కూడా పడుతుంది. దానికి తోడు నొప్పి, నొప్పి తగ్గడానికి ఇచ్చే గట్టి మందులు. పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర, కలలు వచ్చే నిద్ర రెండూ బాగా తగ్గిపోతాయి. ఆ తర్వాతి రాత్రుల్లో కలల నిద్ర ఒక్కసారిగా పొంగుకొస్తుంది. మూడో రాత్రో నాలుగో రాత్రో పీడకలలు వచ్చి కేకలు పెట్టడానికి అది ఒక కారణం. పగలు చూసింది, విన్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, కోడికునుకులతో గడిపిన మనిషికి మర్నాడు అంతా గజిబిజిగా ఉంటుంది.

చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరి, నిద్రకు వేళైందని ఒంటికి చెబుతుంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఆ తగ్గినది కూడా రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైట్ల కింద సరిగ్గా ఊరదు. ఇక శబ్దం. రాత్రి వార్డులో 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే గుసగుసలాడినంత శబ్దం. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో రోడ్డు వైపు గదిలో ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళకి అది ఎంత దూరపు మాటో తెలుసు.

మరొక అపోహ కూడా తీరాలి. "పూర్తి మత్తు ఇచ్చారు, అందుకే ఇలా అయింది, వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే బాగుండేది" అని బంధువులు అంటారు. మేమూ మత్తు డాక్టరుగారి మీద మనసులో కోపం పెట్టుకున్నాం. తుంటి విరిగిన 1600 మందిని రెండు జట్లుగా చేసి, ఒకరికి వెన్నులో, ఒకరికి పూర్తి మత్తు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన 2021లో వచ్చింది. రెండు జట్లలోనూ సంధి దాదాపు ఒకేలా, నూటికి ఇరవై మందికి వచ్చింది. ఏ మత్తు ఇవ్వాలన్నది డాక్టర్లకి వదిలేసి, మన చేతిలో ఉన్నవి చూసుకోవడం మేలు.

ఆపరేషన్‌కి వారం పది రోజుల ముందు

పడి ఎముక విరిగితే ఇంత వ్యవధి ఉండదు. అప్పుడు ఇవే పనులు అడ్మిషన్ అయిన మొదటి గంటలో చేయండి.

ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసి మత్తు డాక్టరుగారి ముందు పెట్టండి. పేర్లు రాసుకెళ్ళడం కన్నా ఇదే నయం. బీపీ, షుగరు మాత్రలతో పాటు జలుబు మాత్రలు, దురద మాత్రలు, ఆయుర్వేదం మందులు కూడా అందులో ఉండాలి. దురదకి, జలుబుకి వాడే పాతకాలపు మందులు కొన్ని, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, పెద్దవాళ్ళ మెదడుని మగతలో ముంచి గందరగోళం తెస్తాయి.

నిద్రమాత్ర సంగతి దాచకండి. మన వీధుల్లో ఆల్ప్రాజోలామ్, క్లోనజెపామ్ ఏళ్ళ తరబడి మింగుతున్న పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. "అదేమంత మందు, చిన్న మాత్రే" అనుకుని డాక్టరుకి చెప్పరు. ఆసుపత్రిలో అది హఠాత్తుగా ఆగిపోతే ఒణుకు, కంగారు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని కొనసాగించడమూ మంచిది కాకపోవచ్చు. ఎంత తగ్గించాలి, ఎప్పుడు అన్నది డాక్టరుగారే చెప్పాలి. మీకు మీరుగా ఆపకండి.

మద్యం తాగే అలవాటు గురించి కూడా ఇంతే. రోజూ సాయంత్రం తాగే మనిషికి ఆసుపత్రిలో అది ఆగిపోతే, రెండో రోజుకో మూడో రోజుకో తీవ్రమైన సంధి పుట్టవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. నలుగురి ముందు చెప్పడానికి మొహమాటం అయితే డాక్టరుగారిని పక్కకి పిలిచి, ఎంత, ఎన్నాళ్ళుగా అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి.

పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచే మనిషైతే అదీ చెప్పండి. అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. గట్టి నొప్పి మందులు, మత్తు మందులు వాళ్ళకి జాగ్రత్తగా ఇవ్వాల్సి ఉంటుంది. ఇంట్లో దానికి మిషన్ వాడుతుంటే ఆసుపత్రికి వెంట తీసుకెళ్ళాలి.

ఇప్పుడు అన్నిటికన్నా తేలికైనది, ఎవరూ చేయనిది ఒకటి. ఆపరేషన్‌కి ముందు ఆ మనిషి మతి ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ రోజు ఏ వారం, ఏ సంవత్సరం, మనం ఏ ఊళ్ళో ఉన్నాం అని అడగండి. వారాలు వెనక్కి చెప్పమనండి: శనివారం, శుక్రవారం, గురువారం... చదువుకున్నవాళ్ళైతే నెలలు వెనక్కి చెప్పమనండి. చైత్రం నుంచి చెప్పే అలవాటున్నవాళ్ళు ఫాల్గుణం నుంచి వెనక్కి వస్తే చాలు, డిసెంబరు నుంచే రావాలని లేదు. ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. ఆపరేషన్ తర్వాత రోజూ ఇవే అడిగితే తేడా మీకు తెలుస్తుంది. ఆవిడ ముందు నుంచే ఇంతేనా అని డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ముందు నుంచే మతిమరుపు ఉన్నవాళ్ళకి సంధి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కాగితం డాక్టరుగారికి కూడా పనికొస్తుంది.

ఆపరేషన్‌కి ముందు ఎంతసేపు పస్తు ఉండాలో గంటతో సహా అడిగి తెలుసుకోండి. చాలా ఆపరేషన్లకి గట్టి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చన్నది సాధారణ పద్ధతి. కానీ షుగరున్నవాళ్ళకి, కొన్ని రకాల ఆపరేషన్లకి ఇది మారుతుంది. "రేపు పొద్దున ఆపరేషన్" అన్న ఒక్క మాట పట్టుకుని, ముందు రోజు రాత్రి 8 నుంచి చుక్క నీళ్ళు కూడా ఇవ్వకుండా ఉంచితే, మన ఎండల్లో పెద్దవాళ్ళు ఎండిపోయి థియేటర్‌లోకి వెళ్తారు. ఒంట్లో నీరు తగ్గడం కూడా సంధికి ఒక దారి.

సంచిలో పెట్టాల్సినవి

కళ్ళద్దాలు, చెవి మిషన్, దాని బ్యాటరీలు, పళ్ళ సెట్టు. "ఆసుపత్రిలో పోతాయేమో" అని మా అత్తయ్య కళ్ళద్దాలు, చెవి మిషన్ నేనే బీరువాలో దాచి వచ్చాను. మసక మసకగా తెల్లకోట్లు, అర్థం కాని మాటలు, తెలియని చోటు. ఆ స్థితిలో నేనున్నా భయపడతాను. వాటిని ఒక చిన్న డబ్బాలో పెట్టి, పేరు, మంచం నంబరు అంటించండి. థియేటర్ నుంచి బయటికి వచ్చి స్పృహ తెలియగానే పెట్టమని సిస్టర్‌ని అడగండి.

తిథి, వారం పెద్ద అక్షరాల్లో ఉండే తెలుగు క్యాలెండర్ ఒకటి, ముల్లుల గడియారం ఒకటి, ఇంట్లో రోజూ కప్పుకునే దుప్పటి, తలగడ గలీబు. కళ్ళ మీద వేసుకోవడానికి మెత్తటి నూలు గుడ్డ. చెవిలో దూది పెట్టుకునే అలవాటుంటే అది. దోమలకి పూసుకునే క్రీము. విజయవాడలో కాలువల పక్కన ఉన్న ఆసుపత్రుల్లో సాయంత్రమైతే దోమల సంగతి చెప్పనక్కర్లేదు. నిద్ర పట్టీ పట్టని మనిషిని అదొక్కటే లేపేస్తుంది.

ఆసుపత్రిలో: పగలు పగల్లా ఉండాలి

రాత్రి నిద్ర పట్టాలంటే పని పొద్దుటి నుంచే మొదలవ్వాలి. పొద్దున 6, 7 గంటలకి కర్టెన్లు తీసేయండి. వీలైతే మంచాన్ని, లేకపోతే కుర్చీని కిటికీ వైపు తిప్పండి. మొహం కడిగి, తల దువ్వి, బొట్టు పెట్టి, కళ్ళద్దాలు, చెవి మిషన్ పెట్టాక అప్పుడు మాట్లాడండి. "అత్తయ్యా, ఈ రోజు బుధవారం, ఏకాదశి. మనం బెజవాడలో ఆసుపత్రిలో ఉన్నాం. మొన్న తుంటికి ఆపరేషన్ అయింది, బాగా జరిగింది." ఇది పొద్దున ఒకసారి చెప్పి వదిలేసేది కాదు. పగలు నాలుగైదు సార్లు, పరీక్ష పెట్టినట్టు కాకుండా కబుర్లలో కలిపి చెబుతుండాలి. మా పెద్దవాళ్ళకి ఇంగ్లీషు తేదీ కన్నా తిథీ వారమే ఎక్కువ పట్టు. నాన్నగారికి పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ భక్తిరంజని ఫోన్లో పెట్టేదాన్ని. ఆ పాట వినపడితే తెల్లారిందని ఆయన ఒంటికే తెలుసు.

సర్జన్‌గారు ఒప్పుకున్న వెంటనే మంచం దించి కూర్చోబెట్టాలి, వాకర్‌తో నాలుగడుగులు వేయించాలి. చాలా ఆపరేషన్లకి మర్నాటి నుంచే లేపుతారు. "పాపం, పడుకోనివ్వండి" అని చుట్టాలు అడ్డుపడతారు. పగలంతా పడుకున్న మనిషికి రాత్రి జాగారమే. మధ్యాహ్నం ఒక కునుకు, 3 గంటల లోపు, అరగంటో ముప్పావుగంటో. అంతకు మించనివ్వకండి.

చూడడానికి వచ్చేవాళ్ళని పగటికి మార్చండి. ఇది చెప్పడం కష్టం, నాకు తెలుసు. ఆఫీసు అయ్యాక రాత్రి 8 గంటలకి పండ్లు పట్టుకుని పది మంది వస్తారు, మంచం చుట్టూ నిలబడి ఎలా పడిందో మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంటారు. నాన్నగారి ఆపరేషన్‌కి ముందే అందరికీ ఫోన్ చేసి చెప్పేశాను: పొద్దున 10 నుంచి సాయంత్రం 5 లోపు, ఒకసారికి ఇద్దరు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

భోజనం, నీళ్ళు, విరేచనం ఈ మూడూ కాగితం మీద రాసి పెట్టండి. జావ, ఇడ్లీ, మజ్జిగ డాక్టరుగారు ఒప్పుకున్నంత వరకు పగలే ఎక్కువగా ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి ఎంత నీరు ఇవ్వాలో అడిగాకే ఇవ్వాలి. రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా, మూత్రం బిగిసినా పెద్దవాళ్ళకి చెప్పలేని బాధగా ఉండి మతి చెదురుతుంది. యూరిన్ ట్యూబు ఉంటే "ఇంకా ఎన్ని రోజులు అవసరం?" అని రోజూ రౌండ్స్‌లో అడగండి. అవసరం తీరాక అది ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్‌కి దారి.

రాత్రి 9 నుంచి

1999లో అమెరికాలో షారన్ ఇనూయే అనే వైద్యురాలు, ఆవిడ బృందం ఒక పరిశోధన ప్రచురించారు. ఆసుపత్రిలో ఉన్న 70 దాటిన 852 మందిని గమనించారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితో పాటు పైన చెప్పినలాంటి చిన్న చిన్న పనులు: వారం, చోటు గుర్తుచేయడం, నడిపించడం, కళ్ళద్దాలు, చెవి మిషన్, నీళ్ళు, ఇంకా రాత్రిపూట గోరువెచ్చని పాలు, మెల్లని సంగీతం, వీపు నిమరడం. సంధి మామూలు వైద్యం పొందినవాళ్ళలో నూటికి 15 మందికి వస్తే, వీళ్ళలో పదిమందికే వచ్చింది. అందులో మన అమ్మమ్మలకి తెలియనిది ఏముంది? కాకపోతే రోజూ, వదలకుండా, ఒక వైద్యంలా చేశారు. మనం కూడా అలాగే చేయాలి.

9 గంటలకి టీవీ ఆపేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, మీరు కూడా వరండాలోకి వెళ్ళి మాట్లాడండి. పళ్ళ సెట్టు తీసి, మొహం తడిగుడ్డతో తుడిచి, డాక్టరుగారు వద్దనకపోతే గోరువెచ్చని పాలు ఇవ్వండి. గాయం లేని వైపు పాదాలు, చేతులు, వీపు ఐదు నిమిషాలు మెల్లగా నిమరండి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఏ కాలి పిక్కలూ పిసకవద్దు. మంత్రమో, సుప్రభాతమో, పాత పాటో వినే అలవాటుంటే చిన్నగా పెట్టండి, పావుగంటలో ఆపేయండి.

ట్యూబ్‌లైటు తీసేయండి కానీ పూర్తి చీకటి చేయకండి. మధ్యలో మెలకువ వస్తే తాను ఎక్కడుందో, పక్కన ఎవరున్నారో కనపడాలి. బాత్రూం లైటు వేసి తలుపు కొంచెం తెరిచి ఉంచితే సరిపోతుంది. జనరల్ వార్డులో లైట్లు మన చేతుల్లో ఉండవు, అక్కడ కళ్ళ మీద గుడ్డ వేయండి. కానీ ఆ మనిషి వద్దంటే తీసేయండి.

నైట్ డ్యూటీ సిస్టర్‌తో 9 గంటలకే ఒక మాట మాట్లాడండి. "బీపీ చూడడం, ఇంజెక్షన్, సెలైన్ మార్చడం, వీలైతే ఒకేసారి చేస్తారా అమ్మా? మధ్యలో రెండు మూడు గంటలు లేపకుండా ఉండగలమా?" ప్రతి రోగికీ కుదరదు, కుదరకపోతే వాళ్ళు చెబుతారు. నాన్నగారి దగ్గర రెండో రాత్రి నుంచి కుదిరింది. మానిటర్ అలారాలు మాత్రం మీరు ఆపకండి, మోగితే సిస్టర్‌ని పిలవండి.

నొప్పిని ఓర్చుకోమనకండి. మన పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు మరీనూ, "పర్లేదులే" అంటూ పళ్ళు బిగించి పడుకుంటారు. నొప్పితో నిద్ర రాదు. పారాసెటమాల్ లాంటివి నొప్పి వచ్చాక కాకుండా వేళకి ఇస్తే గట్టి మందుల అవసరం తగ్గుతుంది, ఇది డాక్టరుగారిని అడగండి. ట్రామడాల్ లాంటి గట్టి నొప్పి మందు ఇచ్చాక కొత్తగా గందరగోళం కనిపిస్తే, ఆ మందు ఏ టైముకి ఇచ్చారో రాసుకుని చెప్పండి.

నిద్ర పట్టట్లేదని కింద మెడికల్ షాపులో మాత్ర అడిగి తెచ్చి వేయకండి. ఇందులో మినహాయింపు లేదు. పెద్దవాళ్ళకి ఆ రకం నిద్రమాత్రలు మగత తెస్తాయి, నిజమైన నిద్ర తక్కువ, పడిపోయే ప్రమాదం, సంధి వచ్చే ప్రమాదం ఎక్కువ. మెలటోనిన్ మాత్రల గురించి కొందరు అడుగుతారు. వాటి వల్ల సంధి తగ్గుతుందా లేదా అన్నదాని మీద పరిశోధనలు ఒక మాట మీద లేవు, డాక్టరుగారు ఇస్తేనే వాడండి.

మతి చెదిరితే

కేకలు పెట్టడం, లేచిపోవడం అందరికీ కనపడతాయి. కనపడనిది రెండో రకం. మనిషి ఎవరి జోలికీ పోకుండా, పిలిస్తే నెమ్మదిగా కళ్ళు తెరిచి, మాట మధ్యలో మళ్ళీ మాగన్నుగా పడిపోతుంటుంది. ముద్ద నోట్లోనే ఉండిపోతుంది. "హమ్మయ్య, బాగా నిద్రపోతోంది" అని మనం సంతోషిస్తాం. ఇది కూడా సంధే, తరచుగా ఎవరి కంటా పడనిది. మంచి నిద్రలో ఉన్న మనిషిని పిలిస్తే లేచి మనల్ని గుర్తుపట్టి మాట్లాడుతుంది. ఇలా మగతగా ఉన్న మనిషి మాట మీద ధ్యాస నిలపలేదు. అనుమానంగా ఉంటే వారాలు వెనక్కి చెప్పమనండి. నిన్న చెప్పగలిగింది ఈ రోజు చెప్పలేకపోతే సిస్టర్‌కి చెప్పండి. పొద్దున బాగుండి, సాయంత్రమయ్యేసరికి చెడడం దీని లక్షణం కాబట్టి, రౌండ్స్‌లో బాగా మాట్లాడిందని డాక్టరుగారు అన్నా మీరు రాత్రి చూసింది చెప్పాలి. ఫోన్లో అర నిమిషం వీడియో తీసి డాక్టరుకి మాత్రమే చూపించండి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రేపు ఆవిడ చూసుకుంటే సిగ్గుతో కుంగిపోతుంది.

తెల్లారేదాకా ఆగకండి. "రాత్రి నుంచి హఠాత్తుగా మారింది" అన్న మాట స్పష్టంగా చెప్పండి. ఇన్ఫెక్షన్, సోడియం, షుగరు, ఆక్సిజన్, మూత్రం బిగియడం, మలబద్ధకం, నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఆపేసిన పాత మందు, వీటిని చూడమని అడగవచ్చు. మన దగ్గర వేసవిలో ఎండ దెబ్బకి, నీరు దిగే మాత్రలకి పెద్దవాళ్ళకి సోడియం పడిపోవడం ఎవరింట్లోనైనా విన్నదే. మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, ఎంత పిలిచినా లేవకపోయినా అది క్షణం ఆగే సంగతి కాదు. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి.

డాక్టరు వచ్చేలోగా ఏం మాట్లాడాలి? "పాలెక్కడున్నాయి, పొయ్యెక్కడుంది, నీకు మతి పోయిందా" అని ఆ రాత్రి మేం ముగ్గురం వాదించాం. వాదించినకొద్దీ ఆవిడ కంగారు పెరిగింది. ఇప్పుడైతే నేను కళ్ళద్దాలు పెట్టి, ఎదురుగా కూర్చుని, చేయి పట్టుకుని, "పాలు దించేశాను అత్తయ్యా, పొయ్యి ఆపేశాను. నేను మీ కోడల్ని, ఇక్కడే ఉన్నాను. మీరు ఆసుపత్రిలో ఉన్నారు" అని చెబుతాను. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, చిన్న చిన్న మాటల్లో. చేతులు మంచానికి కట్టేయడం చివరి దారిగా కూడా వద్దనే నా మనసు చెబుతుంది. కట్టేస్తే భయం, పెనుగులాట ఎక్కువవుతాయి. సూది ఉన్న చోట బ్యాండేజీ చుట్టించి, పొడుగు చేతుల జాకెట్టు వేసి, పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలాసార్లు సరిపోతుంది.

ఆ మనిషి ఎవరన్నది ముందే పంచుకోండి. ఒక్కరే మూడు రాత్రులు మేలుకుంటే నాలుగో రాత్రి విసుక్కుంటారు. రాత్రికి ఒకరు, పగటికి ఒకరు. రాత్రి ఉండేది ఆ పెద్దవాళ్ళకి బాగా తెలిసిన ముఖమై ఉండాలి.

ఇంటికి వచ్చాక

మొదటి రాత్రే ఇంటి నిద్ర వచ్చేస్తుందని ఆశపడకండి. రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆపరేషన్ ముందు ఎన్నింటికి లేచేవారో ఆ వేళకే లేపండి, రాత్రి ఎంత ఆలస్యంగా నిద్రపోయినా సరే. పొద్దుటి ఎండలో అరగంట వసారాలోనో బాల్కనీలోనో కూర్చోబెట్టండి. మేలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి 8 లోపే. సాయంత్రం 4 తర్వాత కాఫీ, టీ వద్దు. నీరు దిగే మాత్ర సాయంత్రం వేస్తుంటే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరుగారిని అడగండి, రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేవడం తప్పుతుంది. లేచినప్పుడు మళ్ళీ పడకుండా మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు, దారిలో చాపలు, పట్టాలు తీసేయడం మర్చిపోకండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆ గదికి పని చేస్తుందో లేదో ముందే చూసుకోండి, ఉక్కపోతలో ఎవరికీ కునుకు పట్టదు.

మతి మెల్లగా కుదురుకుంటుంది. సంధి చాలామందిలో రోజుల్లో, కొందరిలో వారాల్లో తగ్గుతుంది. అది తగ్గాక కూడా, లేదా అసలు సంధి రాకపోయినా, కొన్నాళ్ళు లెక్కలు తప్పడం, చదివింది నిలవకపోవడం, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం ఉంటాయి. 1998లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, 60 దాటి పెద్ద ఆపరేషన్ చేయించుకున్న 1218 మందిని చూస్తే, వారం తర్వాత పరీక్షల్లో నూటికి 26 మందికి ఈ తగ్గుదల కనిపించింది, మూడు నెలల తర్వాత పదిమందికి. అంటే ఎక్కువమంది తేరుకుంటారు, కానీ టైము కావాలి. ఈ లోగా బ్యాంకు సంతకాలు, పొలం కాగితాలు, బండి నడపడం వాయిదా వేయండి. మందులు వేళకి వేసే పని మీరే చూసుకోండి.

అలాగని అన్ని పనులూ లాగేసుకోకండి. ఇంటికి వచ్చిన మర్నాడే మా అత్తయ్యకి పెన్ను ఇచ్చి క్యాలెండర్ ముందు కూర్చోబెట్టాం. మొదటి వారం ఒకే గడిలో రెండు రోజుల పాల లెక్క రాసింది, ఒక రోజు వదిలేసింది. మేం దిద్దలేదు, విడిగా మాకు మేం రాసుకున్నాం. ఐదో వారానికి తప్పులు తగ్గాయి. మూడో నెల పాలబ్బాయి రెండు ప్యాకెట్లు ఎక్కువ వేశాడని ఆవిడే పట్టుకుంది. ఆవిడకి పాల లెక్క, మీ ఇంట్లో అది పూలమాల కట్టడమో, పేపరు చదవడమో, మనవడికి ఎక్కాలు చెప్పడమో కావచ్చు. అలవాటైన పని, రోజూ, కొంచెం కొంచెంగా.

మూడు నెలలు దాటినా తేరుకోకపోతే, లేదా తేరుకున్నట్టే ఉండి మళ్ళీ దిగజారుతుంటే "వయసైపోయింది" అని వదిలేయకుండా న్యూరాలజిస్టుకో, పెద్దవాళ్ళ జబ్బులు చూసే డాక్టరుకో చూపించండి. థైరాయిడ్, బి12, వాడుతున్న మందులు, దిగులు, నిద్రలో శ్వాస ఆగడం, వినికిడి, ఇవన్నీ చూడాల్సినవి. మీరు ఆపరేషన్‌కి ముందు రాసిన కాగితం, ఆ తర్వాత రాసినవి వెంట తీసుకెళ్ళండి.

ఇంకొక్కటి. సంధి ఒకసారి వచ్చిన మనిషికి మరో ఆపరేషన్‌కో, పెద్ద జ్వరానికో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మా అత్తయ్య ఆసుపత్రి ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో ఇలా రాసి అంటించాను: తుంటి ఆపరేషన్ తర్వాత రెండో రోజు సంధి వచ్చింది, అప్పుడు సోడియం తక్కువ, యూరిన్ ఇన్ఫెక్షన్, చెవి మిషన్ ఉంది, ఎడమ చెవి, కళ్ళద్దాలు లేకుండా మనిషిని పోల్చుకోలేదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ పేజీ చూపిస్తాం.